మీడియా పిల్లల్ని మారుస్తుందా, ఉన్నదే చూపిస్తుందా?

టీనేజ్ పిల్లల్లో ఏది మామూలు, ఏది సిగ్గుపడాల్సింది అన్నది మీడియా తయారుచేస్తోందా, లేక వాళ్ళలో ముందే ఉన్నదాన్ని చూపిస్తోందా? నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పెద్దవాళ్ళు అడిగే తీరులోనే జవాబు ఉంటుంది, "ఆ ఫోనే కదండీ చెడగొట్టింది" అని. పిల్లల్నడిగితే "మేమెప్పుడూ ఇంతే, మీరిప్పుడు చూస్తున్నారు" అంటారు.

ముందు పిల్లల వాదన, ఎందుకంటే దాన్ని ఎవరూ సరిగ్గా వినరు. కొత్త మాటలు, వెటకారాలు, జుట్టు తీరు చాలావరకు వెనక బెంచీల్లో పుట్టి తర్వాత ప్రకటనల్లోకి ఎక్కుతాయి, ఎక్కేసరికి పిల్లలు వాటిని వదిలేసి ఉంటారు కూడా. పైగా కొట్లాటల వీడియోలు చూసేవాడు కొట్లాడుతున్నాడంటే, కొట్లాట ఇష్టమున్నవాడే అవి వెతుక్కున్నాడేమో, ఎవరు చెప్పొచ్చారు? మీడియాను తిట్టేవాళ్ళు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా బొమ్మ ప్రయోగాన్ని (పెద్దవాళ్ళు ఒక బొమ్మను బాదడం చూసిన పిల్లలు తామూ బాదారన్నది) తెగ వాడేస్తారు గానీ, 1961 నాటి మొదటి ప్రయోగంలో తెర అన్నదే లేదు, మనుషులే పిల్లల ఎదురుగా ఆ బొమ్మను బాదారు. ఫిల్మ్ చూపించింది 1963లో. రెండిట్లోనూ ఉన్నది నర్సరీ పిల్లలే.

కానీ పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల దగ్గరికొచ్చేసరికి ఈ వాదన తడబడుతుంది. అక్కడ నిండైన ఒంటికే మెప్పు ఉండేది. 1995లో నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. వచ్చిన కొన్ని వారాలకు ఒకసారి, 1998లో మరోసారి పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం హైస్కూలు అమ్మాయిలను ప్రశ్నించింది. తిండి విషయంలో ఆందోళనపడాల్సిన స్కోరు వచ్చినవాళ్ళు 12.7 శాతం నుంచి 29.2కు, బరువు కోసం కావాలని వాంతి చేసుకునేవాళ్ళు సున్నా నుంచి 11.3 శాతానికి పెరిగారు. చిన్న సర్వేలే, ఒక్కోదాంట్లో 60కి కాస్త పైన, రెండుసార్లూ అదే అమ్మాయిలు కారు, ఆ మూడేళ్ళలో ఇంకేవో కూడా మారి ఉండొచ్చు. అయినా ఆ టీవీలో వచ్చినవి చాలావరకు బయటిదేశాల కార్యక్రమాలు. వాటిలో ఫిజీ అమ్మాయిలే లేనప్పుడు, ఉన్నది చూపించడం ఎక్కడిది?

నా లెక్కలో అసలు తేల్చే విషయం ఇంకోటుంది. ఏది మామూలు అన్నది ఒక అంచనా: మిగతావాళ్ళు ఏం చేస్తున్నారని నేననుకుంటున్నానో అది. ఆఫ్రికాలోని రువాండాలో, మారణకాండ తర్వాత జాతుల మధ్య సయోధ్య కోసం వేసిన ఒక రేడియో నాటకం మీద బెట్సీ లెవీ పలక్ అనే పరిశోధకురాలు చేసిన పరిశోధన 2009లో వచ్చింది, పెద్దవాళ్ళ మీద చేసిందే గానీ నాకు కళ్ళు తెరిపించింది. ఏడాదిపాటు విన్నవాళ్ళ సొంత నమ్మకాలు పెద్దగా మారలేదట, మారింది "జనం ఇలా ఉంటారు" అన్న ఊహ, దాంతోపాటు నడత. ఇప్పుడు పిల్లలు ఆ ఊహ కట్టుకునేది ఫోన్లో చూసి. ఫోన్లో కనిపించేది పోస్ట్ చేసినవాళ్ళే, అందులోనూ ఎక్కువమంది ఆగి చూసినవే పైకొస్తాయి. మందు ముట్టని శనివారాన్ని ఎవరూ పోస్ట్ చేయరు. చూపించింది ప్రతీదీ నిజమే అయినా లెక్క తప్పుతుంది.

లాస్ ఏంజెలెస్‌లో 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 32 మందితో చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. ఒకే ఫోటోను సగంమందికి ఎక్కువ లైకులతో, సగంమందికి తక్కువ లైకులతో చూపించారు, ఆ అంకెలు పరిశోధకులు పెట్టినవే. లైకులు ఎక్కువున్నప్పుడే పిల్లలు కూడా ఎక్కువగా లైక్ కొట్టారు, మందు, సిగరెట్ ఫోటోలకు సైతం.

ఆమధ్య తెలిసినవాళ్ళ అబ్బాయి "అందరూ వేప్ కొడతారంకుల్" అన్నాడు, అంటే ఈ-సిగరెట్. పేర్లొద్దు, వేళ్ళు మడిచి లెక్కపెట్టు అన్నాను. మూడో వేలు దగ్గర ఆగాడు, అది కూడా వేరే స్కూలు వాడట.

"రెండూనూ" అనే మూడో జవాబు నిజమే, కాకపోతే ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. "అంతా పెంపకంలోనే ఉంది" అనేవాళ్ళకు ఒకటే మాట: పెంపకం ఏది తప్పో చెబుతుంది, ఎంతమంది చేస్తున్నారో చెప్పదు.

కాబట్టి నా ఓటు "తయారుచేస్తుంది" అన్నదానికే, ఒక్క మినహాయింపుతో. మాట, బట్ట, జుట్టు లాంటివి రోజూ క్లాసులో కళ్ళెదుటే ఉంటాయి, అక్కడ అంచనా అక్కర్లేదు, పిల్లల వాదనే గెలుస్తుంది. ఎవరు తిండి మానేస్తున్నారు, ఎవరు తాగుతున్నారు, ప్రేమలో ఎవరు ఎంతదూరం వెళ్ళారు, ఇవి పక్క బెంచీ వాడికి కూడా తెలియవు, అక్కడే ఫోన్ చెప్పిందే లెక్కయిపోతుంది.