ప్రెడిక్ట్ బ్రెస్ట్ వాడి చూశాం, నోడ్ల గడి దగ్గర మాత్రం జాగ్రత్త

అక్క రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత పాథాలజీ రిపోర్టు (తీసిన ముక్కల్ని పరీక్షించి రాసేది) వచ్చింది. అందులో మిగతా పేజీలన్నీ ఒక ఎత్తు, "లింఫ్ నోడ్స్ (చంకలోని బిళ్ళలు) 2/14" అన్న లైను ఒక్కటే ఒక ఎత్తు. చంకలోకి పాకిందట అన్న మాట చెవిన పడ్డాక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టరుగారిని కలవడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆగలేక ప్రెడిక్ట్ బ్రెస్ట్ సైటు తెరిచాం.

ఆపరేషన్ అయ్యాక ఇన్నేళ్ళకి బతికి ఉండే అవకాశం ఎంతో చెప్పే ఉచిత లెక్క ఇది, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థతో కలిసి చేశారు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియాలో 1999 నుంచి 2003 మధ్య జబ్బు బయటపడిన ఐదు వేలమందికి పైగా మహిళల రికార్డుల మీద మొదట కట్టారు, తర్వాత కొత్త వెర్షన్లు వచ్చాయి. పేరు, ఫోన్ నంబరు ఏమీ అడగదు. వయసు, మెనోపాజ్ దాటిందా, గడ్డ ఎన్ని మిల్లీమీటర్లు, గ్రేడ్ (కణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో చెప్పే అంకె), ఈఆర్ (గడ్డ హార్మోన్‌కి స్పందిస్తుందా), హెర్2 (గడ్డ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్), పాజిటివ్ నోడ్లు, అంటే క్యాన్సర్ కనిపించినవి ఎన్ని... ఇలాంటివే. రిపోర్టు చేతిలో ఉంటే రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల్లోనే మా కొంప ముంచుకున్నాం. టైప్ చేస్తున్నది బావ. నోడ్ల గడిలో 14 కొట్టేశారు. వచ్చిన అంకె చూసి అక్క ఏమీ మాట్లాడకుండా లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. నాకెందుకో అనుమానం వచ్చి రిపోర్టు మళ్ళీ చదివితే అప్పుడు తెలిసింది, పద్నాలుగు అనేది చంకలోంచి తీసి పరీక్షించినవి, క్యాన్సర్ కనిపించింది రెండింట్లోనే. సైటుకి కావలసింది ఆ రెండు. దిద్దగానే బతికే అవకాశం చూపే గీత ఎంత పైకి లేచిందో! 1 నుంచి 3, 4 నుంచి 9, 10 అంతకు మించి అని డాక్టర్లు స్టేజీలో మెట్లు వేస్తారు కదా, మేం చూసుకోకుండా అక్కని ఏకంగా చివరి మెట్టు మీద కూర్చోబెట్టాం.

తర్వాత కుతూహలం కొద్దీ నేనే అంకెలు మార్చి చూశాను. నోడ్లు సున్నా పెట్టినా నూటికి నూరు రాదు. నోడ్లు అలాగే ఉంచి గ్రేడ్ 2ని 3 చేస్తే అంకె పడిపోతుంది. చంకలో బిళ్ళ అనగానే అంతా అయిపోయిందనుకున్నాం కానీ, ఇది లెక్కలో ఒక గడి, పెద్ద గడే, అంతే. మా అంకెలు ఇక్కడ రాయను, అవి ఇంకొకరికి పనికిరావు.

నాకు బాగా నచ్చింది వంద బొమ్మల పట్టీ. వందమంది మహిళల్లో ఆపరేషన్‌తోనే బతికి ఉండేవారు ఎందరు, హార్మోన్ మాత్రల వల్ల అదనంగా ఎందరు, కీమో వల్ల ఎందరు అని వేరువేరు రంగుల్లో చూపిస్తుంది. అక్క దాని ప్రింటు తీసుకెళ్ళి "కీమో వల్ల కలిసేది ఈ కాసిన్నేనా?" అని డాక్టరుగారినే అడిగింది. ఆయన నవ్వి, హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్, మెనోపాజ్ దాటినవాళ్ళలో నోడ్లు 1 నుంచి 3 ఉంటే ఆంకోటైప్ అనే జన్యు పరీక్ష చేయించవచ్చని, స్కోరు 25 లేదా అంతకన్నా తక్కువైతే కీమో వల్ల అదనపు లాభం కనబడలేదని చెప్పారు. ఈ స్కోరు సైటుకి తెలియదు, అడగదు కూడా.

అడగనివి ఇంకా ఉన్నాయి. నోడ్ పొర దాటి బయటికి వచ్చిందా లేదా అని రిపోర్టులో విడిగా రాస్తారు, దానికి ఇక్కడ గడి లేదు. ఆపరేషన్‌కి ముందే కీమో తీసుకున్నవాళ్ళకి, మొదటే వేరే అవయవాలకి పాకినవాళ్ళకి ఈ లెక్క అసలు వర్తించదు, అలాంటివాళ్ళు దీని జోలికి పోకండి. ఒక్కరే కూర్చుని కూడా చూడకండి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఐదుకి నాలుగు స్టార్లు. మా అక్క మొదటి ప్రశ్న "మళ్ళీ వస్తుందా?" అని. ఇది చెప్పేది ఐదు, పది, పదిహేనేళ్ళకి బతికి ఉండే అవకాశం మాత్రమే, తిరగబెట్టడం గురించి కాదు. ఒక స్టార్ అందుకే కోశాను. 14 కొట్టిన పాపం మాత్రం పూర్తిగా మా బావదే.