సెర్చ్‌లో డోర్ నంబరు కొడితే ఎర్రర్: ఏ పద్ధతి మేలు?

మన ఊళ్లలో డోర్ నంబర్లు 3-45/2 లాగా ఉంటాయి. జనం కొట్టింది కొట్టినట్టు ఎలాస్టిక్‌సెర్చ్ (సైట్లలో వెతుకులాటకు వాడే సాఫ్ట్‌వేర్) లోని క్వెరీ స్ట్రింగ్ అనే పద్ధతికి పంపితే ఈ నంబరుకు 400 ఎర్రర్, అంటే క్వెరీ (వెతకమని ఇచ్చే రాత) తప్పుగా ఉందనే జవాబు, వస్తుంది. అక్కడ స్లాష్ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాతో వెతికే రాత) మొదలైందని లెక్క. మూసే స్లాష్ దొరక్క క్వెరీ ఆగిపోతుంది. 3-45/2/1 అని కొడితే ఇంకా ప్రమాదం: మధ్యలోని 2 రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. వెతికే మనిషి తప్పేమీ చేయలేదు, తన ఇంటి నంబరే కొట్టాడు.

చాలామంది ముందు చేసే పని, ఇలాంటి గుర్తులను మామూలు అక్షరాలుగా చూడమని వాటి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడం. దీనితో సగం పనే అవుతుంది. < , > గుర్తులకు బ్యాక్‌స్లాష్ పనిచేయదు, వాటిని తీసేయాల్సిందే. లీనియంట్ అనే సెట్టింగ్ పేరు చూసి కూడా మోసపోకండి. అంకెల ఫీల్డులో అక్షరాలు కొడితే ఊరుకుంటుంది గానీ, క్వెరీ రాతలో తప్పుల్ని అది క్షమించదు.

ఎలాస్టిక్‌సెర్చ్‌లోనే ఉన్న మరో పద్ధతి, సింపుల్ క్వెరీ స్ట్రింగ్, అలా కాదు. అర్థం కాని ముక్కను వదిలేసి మిగతాది వెతుకుతుంది, ఎర్రర్ ఇవ్వదు. కొటేషన్ (ఆ మాటలు అదే వరసలో), మైనస్ (ఆ మాట వద్దు), చివరి స్టార్ (అలా మొదలయ్యే మాటలు) పనిచేస్తాయి. స్లాష్ మామూలు అక్షరమే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. డిఫాల్ట్ ఆపరేటర్ (మనం చెప్పకపోతే మాటల్ని కలిపే పదం) "లేదా" కాబట్టి, "మామిడి -ఊరగాయ" అని కొడితే మామిడి ఉన్నవీ, ఊరగాయ లేనివీ అన్నీ వస్తాయి. అంటే దాదాపు ఇండెక్స్ (వెతికే సమాచారమంతా ఉండే చోటు) మొత్తం! డిఫాల్ట్ ఆపరేటర్‌ను "మరియు"కు మార్చి తీరాలి.

మూడో పద్ధతి మ్యాచ్ క్వెరీలో గుర్తుల గొడవే లేదు, అన్నీ మాటలే. చిన్న షాపు సైటుకు చాలు. కానీ కొటేషన్‌లో పెట్టి వెతికే అలవాటున్నవాళ్లకు నిరాశే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనూ ఇదే కథ. అందులో వెతికే ఫంక్షన్ టు టీఎస్‌క్వెరీ (to_tsquery)కి "అమ్మ నాన్న" అని మధ్యలో ఆపరేటర్ లేకుండా ఇస్తే సింటాక్స్ ఎర్రర్. 2018లో 11వ వెర్షన్‌తో వచ్చిన వెబ్‌సెర్చ్ టు టీఎస్‌క్వెరీ (websearch_to_tsquery) ఏమిచ్చినా తీసుకుంటుంది, కొటేషన్‌నూ మైనస్‌నూ గౌరవిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో జనం వాడే సెర్చ్ పెట్టెకు నేను వేరేది పెట్టను.

అయితే ఎప్పుడూ మెతక పద్ధతే మేలని అనలేను. ఆఫీసులో రికార్డులు వెతికేవాళ్లు ఫీల్డు పేరు, తేదీల హద్దులు ఇచ్చి క్వెరీ రాస్తారు. బ్రాకెట్ తప్పి ఒక షరతు చెప్పకుండా జారిపోతే, వచ్చిన లిస్టు పూర్తిదని నమ్మి సంతకం పెట్టేస్తారు. వాళ్లకు క్వెరీ స్ట్రింగే ఉంచి, తప్పు ఏ అక్షరం దగ్గరుందో తెలుగులో చూపించాలి. క్వెరీని నడపకుండా ముందే సరిచూసే వాలిడేట్ ఏపీఐ (ప్రోగ్రాములు పిలిచే సేవ) ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఉంది. అందులో ఎక్స్‌ప్లెయిన్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఇంజన్ దాన్ని ఎలా అర్థం చేసుకుందో కూడా చెబుతుంది.