జిబ్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

జావా వెబ్ అప్లికేషన్‌ని కంటైనర్ ఇమేజ్‌గా (అప్లికేషన్, అది నడవడానికి కావాల్సినవన్నీ కలిపిన ప్యాకేజీగా) కట్టడానికి కొన్నేళ్లుగా జిబ్ వాడుతున్నాను. గూగుల్ 2018లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన టూల్ ఇది. జావా బిల్డ్ టూల్స్ అయిన మేవెన్‌కీ గ్రేడిల్‌కీ ప్లగిన్‌గా దొరుకుతుంది. డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) రాయక్కర్లేదు, బిల్డ్ మెషీన్‌లో డాకర్ డీమన్ (వెనక నడిచే డాకర్ ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు, ఇమేజ్‌ని నేరుగా రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే సర్వర్‌కి) పంపేస్తుంది. దీని గురించి ఎవరైనా మొదట చెప్పేది ఇదే. నేను ఇన్నాళ్లూ దీన్ని వదలకపోవడానికి కారణం మాత్రం లేయర్లు, అంటే ఇమేజ్‌ని పొరలుగా విడగొట్టే తీరు.

మామూలుగా డాకర్‌ఫైల్‌లో ఫ్యాట్ జార్‌ని (మన కోడ్, లైబ్రరీలు అన్నీ కలిపిన ఒకే ఫైల్‌ని) ఒక్క కాపీ లైన్‌తో ఇమేజ్‌లో పెట్టేస్తాం. మన కోడ్‌లో ఒక్క లైన్ మారినా జార్ మొత్తం కొత్తదవుతుంది. ముట్టుకోని స్ప్రింగ్, హైబర్నేట్, జాక్సన్ లైబ్రరీలన్నీ మళ్లీ రిజిస్ట్రీకి ఎక్కి, మళ్లీ ప్రతి సర్వర్‌లోకీ దిగాలి. జిబ్ లైబ్రరీలను ఒక లేయర్‌లో, స్నాప్‌షాట్ లైబ్రరీలను (ఇంకా అభివృద్ధిలో ఉన్నవాటిని) ఇంకో లేయర్‌లో, రిసోర్సులనూ క్లాసులనూ విడివిడిగా పెడుతుంది. రోజువారీ మార్పుల్లో కదిలేవి చివరి రెండే. స్ప్రింగ్ బూట్ (స్ప్రింగ్ మీద కట్టిన ఫ్రేమ్‌వర్క్) 2.3 నుంచి లేయర్డ్ జార్‌తో ఇదే పని డాకర్‌ఫైల్‌లోనూ చేయొచ్చు, కానీ ఆ ఫైల్‌ని ప్రతి ప్రాజెక్టులో ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి.

ఇన్‌పుట్ మారకపోతే ఇమేజ్ కూడా బిట్టుకి బిట్టు అదే రావాలన్నది జిబ్ పట్టుదల. అందుకే బేస్ ఇమేజ్‌ని (మన ఇమేజ్‌కి పునాది అయ్యేదాన్ని) డైజెస్ట్‌తో (కంటెంట్ నుంచి లెక్కించిన ఐడీతో) కాక ట్యాగ్‌తో (వేరే ఇమేజ్‌కి మార్చగలిగే పేరుతో) ఇస్తే హెచ్చరిస్తుంది, ఫైళ్ల సమయాన్ని 1970 జనవరి 1 మొదటి సెకనుకి బిగించేస్తుంది. ఈ రెండోదాని వల్ల వచ్చే చిక్కు చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. స్టాటిక్ ఫైళ్లకు సర్వర్ పంపే లాస్ట్-మాడిఫైడ్ (చివరిసారి మారిన సమయం) హెడర్ ప్రతి రిలీజ్‌లోనూ ఒకటే. జావాస్క్రిప్ట్ ఫైల్ మారినా, బ్రౌజర్ అడిగితే సర్వర్ '304, ఏమీ మారలేదు' అనేస్తుంది. యూజర్‌కి పాత స్క్రీనే కనిపిస్తుంది. జిబ్‌లో ఆ సమయాన్ని మార్చుకునే సెట్టింగ్ ఉంది, కానీ ప్రతి బిల్డ్‌కీ కొత్త సమయం పెడితే లేయర్లు ఊరికే మారుతూ అసలు లాభమే పోతుంది. స్టాటిక్ ఫైళ్ల పేర్లలో కంటెంట్ హ్యాష్ (ఫైల్ మారితే తానూ మారే కోడ్) పెట్టడమే సరైన దారి. స్ప్రింగ్ బూట్‌లో లాస్ట్-మాడిఫైడ్ వాడకాన్ని ఆపేసే ప్రాపర్టీ కూడా ఉంది.

డాకర్‌ఫైల్‌లోని రన్ కమాండ్‌కి సమానమైనది జిబ్‌లో లేదు. అంటే ఇమేజ్ కట్టేటప్పుడు ఓఎస్ ప్యాకేజీ ఏదీ ఇన్‌స్టాల్ చేయలేం. పీడీఎఫ్ రిపోర్టులు, చార్టులు, క్యాప్చాలు తయారుచేసే అప్లికేషన్లలో ఇది తప్పకుండా తగులుతుంది. సన్నటి బేస్ ఇమేజ్‌లలో ఫాంట్‌కాన్ఫిగ్, ఫాంట్లు ఉండవు, జావా గ్రాఫిక్స్ లైబ్రరీ ఏడబ్ల్యూటీ లోపల ఎక్కడో ఎక్సెప్షన్ వస్తుంది. స్టాక్ ట్రేస్ చూస్తే ఫాంట్ లేదని వెంటనే స్ఫురించదు. ఇలాంటి చోట ఫాంట్లతో బేస్ ఇమేజ్‌ని చిన్న డాకర్‌ఫైల్‌తో విడిగా కట్టుకుని, జిబ్‌కి దాన్ని చూపిస్తాను. సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆ ఒక్కచోటే పడతాయి కాబట్టి ఈ ఏర్పాటు నాకు నచ్చింది. కేవలం ఫైళ్లు చేర్చాలంటే ఇంత అక్కర్లేదు, ప్రాజెక్టులో జిబ్ ఫోల్డర్‌లో పెడితే చాలు.

మెమరీ సంగతి మాత్రం ఏ టూలూ మన తరఫున చూసుకోదు. కంటైనర్ మెమరీ పరిమితిని గుర్తించడం జేవీఎంకి (జావా ప్రోగ్రాములను నడిపేదానికి) జావా 10లో వచ్చింది, జావా 8కి 191వ అప్‌డేట్‌లో చేరింది. అయినా డిఫాల్ట్‌గా హీప్‌కి (ప్రోగ్రామ్ ఆబ్జెక్టులుండే మెమరీకి) తీసుకునేది సాధారణంగా నాలుగో వంతే. 1 జీబీ కంటైనర్‌లో 256 ఎంబీ హీప్ అంటే మిగతాది చాలావరకు వృథా. జిబ్ జేవీఎం ఫ్లాగుల్లో ఆ శాతాన్ని 60-70కి పెంచుతాను. ఇంకా పెంచితే మెటాస్పేస్‌కీ (క్లాసుల వివరాలుండే మెమరీ) థ్రెడ్ స్టాక్‌లకీ చోటు చాలక, కెర్నల్ ప్రాసెస్‌ని చంపేసి 137 ఎగ్జిట్ కోడ్ మిగులుతుంది. హోస్ట్ సీగ్రూప్స్ (లినక్స్‌లో మెమరీ పరిమితులు పెట్టే ఏర్పాటు) రెండో వెర్షన్‌కి మారి, జావా 11 గనక 11.0.16 కంటే పాతదైతే జేవీఎం ఆ పరిమితిని అసలు చూడదు. అందుకే బేస్ ఇమేజ్ వెర్షన్ ఒకసారి చూసుకోండి.

జిబ్ ఎంట్రీపాయింట్‌లో (కంటైనర్ మొదలవగానే నడిచే కమాండ్‌లో) షెల్ లేకుండా జావానే నేరుగా నడపడం వల్ల ఆపమనే సిగ్నల్ అప్లికేషన్‌కి తిన్నగా చేరుతుంది. స్ప్రింగ్ బూట్‌లో గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ ఆన్‌లో ఉంటే చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తయ్యాకే ప్రాసెస్ ఆగుతుంది. కంటైనర్ ఏ యూజర్‌గా నడవాలో మాత్రం మనమే చెప్పాలి, లేకపోతే బేస్ ఇమేజ్‌లో ఉన్నదే, ఎక్కువసార్లు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్).

వార్ (జావా వెబ్ అప్లికేషన్ ప్యాకేజీ) ప్రాజెక్టులకు జిబ్ డిఫాల్ట్‌గా జెట్టీ సర్వర్ ఇస్తుంది. టామ్‌క్యాట్ కావాలంటే బేస్ ఇమేజ్‌తో పాటు యాప్ రూట్ (అప్లికేషన్ ఫైళ్లుండే ఫోల్డర్) కూడా మార్చాలి. జేలింక్‌తో (కావాల్సిన భాగాలతోనే జావా రన్‌టైమ్ తయారుచేసే టూల్) సొంత రన్‌టైమ్ చెక్కుకోవాల్సిన ప్రాజెక్టులకు, స్టార్టప్‌లో షెల్ స్క్రిప్టులు చాలా నడవాల్సిన పాత వార్‌లకు నేను జిబ్ వాడను. వాటికి మల్టీ-స్టేజ్ (బిల్డ్‌నీ తుది ఇమేజ్‌నీ వేరు దశలుగా కట్టే) డాకర్‌ఫైలే రాస్తాను. మిగతా స్ప్రింగ్ బూట్ సర్వీసులన్నిటికీ కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే జిబ్ ప్లగిన్ చేర్చేస్తాను.