ఎర్రగుడి గుండ్ల దాకా: కొత్తవారికి తగిన ఒక పల్లె నడక

కొండలెక్కే అలవాటు లేనివారిని మొదటిసారి ఎక్కడికి తీసుకువెళ్లాలన్న మాట వచ్చినప్పుడు, మా ఇంట్లో అందరూ గుత్తి కోట పేరే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. మరాఠా నాయకుడు మురారిరావు ఏలిన ఆ కోట గొప్పదే కానీ, పైదాకా వెళ్లాలంటే నిటారు ఎక్కుడు తప్పదు. మోకాళ్ల నొప్పులున్న మా అక్కకూ, పదేళ్ల మేనకోడలికీ అది తొలి నడక కాకూడదు. కర్నూలు–నంద్యాల రహదారి మీది ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో రాళ్లు అందంగా ఉంటాయి, తిరగడానికి బాటలూ ఉన్నాయి; అయితే అక్కడ చేలు లేవు, పల్లె లేదు. అందుకే డిసెంబరులో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో సుమారు 13 కిలోమీటర్ల దూరాన, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, గుండ్ల మీద అశోకుడి శాసనాలున్న ఎర్రగుడిని ఎంచుకున్నాం.

ముందురోజు రాత్రి గుత్తిలో ఒక లాడ్జిలో దిగాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి కానీ, ఐదింటికి ఇస్తామన్న వేడినీళ్లు ఆరున్నరకు గానీ రాలేదు; చల్లటి పొద్దు అక్కడే కొంత పోయింది. వసతి బాగుండాలనుకునేవారికి గుంతకల్లులో ఎంపిక ఎక్కువ. అయినా పొద్దున్నే నడక మొదలుపెట్టేవారికి గుత్తే మేలని నా అభిప్రాయం. వీధి హోటలులో తిన్న ఉగ్గాణి (నానబెట్టిన బొరుగుల తాలింపు), మిరపకాయ బజ్జీ మాత్రం ఏ లోటూ లేకుండా ఉన్నాయి. దారికి ఉగ్గాణి పొట్లం కట్టించుకున్నాం.

ఊరికి కొంచెం ముందే ఆటో దిగి బండిబాట పట్టాం. బుడ్డల (వేరుశెనగ) చేలు అప్పటికే పీకేసి ఉన్నాయి. కందిచేలు నడుమెత్తు దాటి కాయపట్టి నిలిచాయి. నల్లరేగడి చేలల్లో పప్పుశెనగ జానెడు లేచింది. మంచు ఆరని శెనగాకు తగిలితే చేతికి పులుపు అంటుతుందని అక్క చెబితే, పాప వేలు నాకి చూసి నిజమేనంది. ఒకచోట దారి తగ్గుతుందని నేను చేనుకు అడ్డంగా దిగబోతే, కంది కాపలా ఉన్న పెద్దాయన, "చేన్లో దిగొద్దన్నా, గెనిమెంబడి పోండి" అన్నారు; గెనిమ అంటే చేను గట్టు. ఆయన మాట న్యాయమైనది. మనకు నడక సరదా, ఆయనకు అది ఏడాది తిండి. గెనిమ మీద నడిచేవారికి చీలమండ దాకా కప్పే బూట్లు ఉంటే చాలు, వేరే సరంజామా అక్కరలేదు.

కొండ ఎత్తు తక్కువే. గుండ్ల మధ్య ఆగి ఆగి ఎక్కినా అక్క ఎక్కడా ఇబ్బంది పడలేదు. ఆ గుండ్ల మీదే అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉండటం దక్షిణాదిలో అరుదు. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించేదాకా ఇవేమిటో లోకానికి తెలియదు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది చిన్న శాసనం. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి సాగితే, వాటి పక్క వరుసలు కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి; మడక కట్టిన ఎద్దులు చాలు చివర మళ్లి వచ్చినట్టు ఉంటుంది ఆ రాత. ఇంతసేపూ చాళ్ల పక్కనే నడిచి వచ్చాక దాన్ని చూస్తే, పాపకు నేను వేరే వివరించనవసరం లేకపోయింది. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణులపై దయ చూపాలి, నిజం చెప్పాలి అని ఆ శాసనంలో ఉంది. అక్షరాల మీద చేతులు రుద్దడం, సుద్దతో దిద్దడం దయచేసి ఎవరూ చేయవద్దు; ఎండావానలకు అరిగినది చాలు.

దారుల వెంట మనుషులకూ పశువులకూ బావులు తవ్వించాం, చెట్లు నాటించాం అని పెద్ద శాసనాల్లో రెండోది చెబుతుంది. మేము వెళ్లిన రోజు కొండ దగ్గర మాకు తాగునీరు దొరకలేదు. ఆ గుండ్ల కింద ఒక కుళాయి ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అంతవరకు మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా మోసుకెళ్లండి, పది గంటలకల్లా దిగిపోండి. వేసవిలో ఈ నడక పిల్లలతో అసలు వద్దు.

ఆటో విషయంలో నాదొక పొరపాటు ఉంది. రానూపోనూ బాడుగ ముందే ఇచ్చేశాను, మనిషి తిరిగి రాలేదు. సగం చేతిలో ఉంచుకుని ఉంటే బాగుండేది. రోడ్డు పక్క వేపచెట్టు కింద గంటసేపు కూర్చుని, చేలో పనిచేసుకుంటున్న అమ్మ ఒకామె ఇచ్చిన పచ్చి కందికాయలు ఒలుచుకు తింటూ ఉండగా, పత్తికొండ వైపు నుంచి గుత్తి బస్సు వచ్చింది.