డబ్బాలో కొన్న రబ్, ఇంట్లో కలిపిన రబ్: మూడు డబ్బాలు వాడాక నా మాట

"వదినా, డబ్బా మూత తీశామా, చల్లామా, నిప్పు మీద పెట్టామా, అయిపోయింది. మధ్యలో ఈ కాటా ఎందుకు?" అని మా మరిది ప్రతిసారీ అడుగుతాడు. కాల్చే ముందు మాంసానికి పట్టించే మసాలా పొడే బార్బెక్యూ రబ్. దాన్ని కొనడమే మేలని అతని వాదన. వాదించుకునే కంటే వండి చూద్దామని మూడు రకాల డబ్బాలు కొన్నాం. మూత ఉన్న బొగ్గుల గ్రిల్ మీద కొన్ని వారాల పాటు ఒక వైపు డబ్బా పొడి, ఇంకో వైపు నేను కలిపిన పొడి పట్టించి, ఒకే మాంసం, ఒకే సెగ మీద కాల్చాం. కంపెనీల పేర్లు రాయడం లేదు. నేను చెప్పబోయేది డబ్బాల్లో చాలావాటికి వర్తిస్తుంది.

మొదటిది ఎర్రటి, తియ్యటి రకం. మూత తీయగానే పాప్రికా (ఘాటు తక్కువ ఉండే ఎర్ర మిరప పొడి), వెల్లుల్లి వాసన గుప్పుమంది. పొడి సన్నగా, ఒకే తీరుగా ఉండి ముక్క మీద ఎక్కడా ఉండ కట్టలేదు. ఇంటి మిక్సీలో ఇంత సమంగా రాదు, అది ఒప్పుకోవాలి. పంది పక్కటెముకలకు పట్టించి, మూత వేసి 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ సెగ మీద నిదానంగా కాల్చాం. రంగు చూస్తే నోరూరింది. తింటే ఉప్పు కషాయం.

అప్పుడు లేబుల్ చదివాను. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు వస్తుంది. ఇందులో మొదట ఉప్పు, తర్వాత చక్కెర, ఆ తర్వాతే పాప్రికా. ఎంత ఉప్పో కూడా లెక్క కట్టొచ్చు. పోషకాల పట్టీలో సోడియం ఎంతుందో చూసి 2.5తో గుణిస్తే దాదాపు ఉప్పు బరువు వస్తుంది. ఈ డబ్బాలో 100 గ్రాములకు సోడియం 20 గ్రాములు. అంటే 50 గ్రాములు ఉప్పే. సగం డబ్బా ఉప్పు కొన్నామన్నమాట.

అయినా నా అసలు అభ్యంతరం ఉప్పు ఎక్కువైందని కాదు, ఉప్పునీ మసాలానీ విడదీయలేమని. మసాలా పైపైనే ఉంటుంది కాబట్టి ముక్క పైభాగం ఎంత వెడల్పో అంత పడుతుంది. ఉప్పు మాత్రం కరిగి లోపలికి దిగుతుంది కాబట్టి దాన్ని మాంసం బరువును బట్టి వేయాలి. ఈ రెండు కొలతలూ ఎప్పుడూ కలవవు. పక్కటెముకలు పలచన, పైభాగం ఎక్కువ. ఎముకలతో కలిపి కిలో తూగిన వాటికి అన్ని వైపులా అంటేలా చల్లేసరికి 40 గ్రాముల రబ్ పట్టింది. అందులో ఉప్పు 20 గ్రాములు. ఎముక బరువు తీసేస్తే మాంసానికి ఇంకా ఎక్కువ పడినట్టే. అదే డబ్బా మరుసటి వారం 3 కిలోల పంది భుజం ముక్కకు వాడాం. అంత లావు ముక్క కూడా పైన 45 గ్రాములకు మించి పట్టుకోలేదు. అందులోని 22 గ్రాముల ఉప్పు 3 కిలోలకు ఏ మూలకు? పైపొర ఉప్పగా, పీచులు విడదీశాక లోపలంతా చప్పగా ఉంది. ఒకే డబ్బా ఒకచోట ఎక్కువైంది, ఒకచోట చాలలేదు. అందుకే నాకు కాటా కావాలి.

రెండో డబ్బాలో ఉప్పు, దంచిన మిరియాలు, వెల్లుల్లి పొడి, అంతే. టెక్సస్‌లో బ్రిస్కెట్‌కు అంటే గొడ్డు రొమ్ము మాంసానికి, ఉప్పూ మిరియాలే పట్టిస్తారు, ఆ దారిలో చేసిందే ఇది. రుచి బాగుంది, చెప్పడానికి లోపమేమీ లేదు. కానీ మూడు వస్తువుల పొడి కోసం డబ్బా ఎందుకు? మిరియాల వాసనంతా దంచిన వెంటనే ఎక్కువ, ఆ తర్వాత రోజురోజుకూ గాలికి పోతుంది. అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచిన మిరియాల ముందు డబ్బా పొడిలో ఘాటు మిగిలింది గానీ పరిమళం లేదు. మా మరిది కూడా ఇక్కడ మాట్లాడకుండా నా వైపు పళ్లెమే ఖాళీ చేశాడు.

మూడో డబ్బాలో పొగ రుచి ముందే కలిపి ఉంది. బొగ్గుల మీద చెక్క ముక్కలు వేసి పొగ పట్టించేవాళ్లకు ఇది అక్కర్లేదు. నిజమైన పొగ మీద ఈ పొగ కూడా చేరి నాలుక మీద చేదు నిలిచిపోయింది.

ఇక నా పొడి. ఇందులో ఉప్పు లేదు. తియ్య పాప్రికా 40 గ్రాములు, బ్రౌన్ షుగర్ 40, కచ్చాపచ్చా మిరియాలు 20, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి 12 చొప్పున, స్మోక్డ్ పాప్రికా 10, కారం 8, దోరగా వేయించి దంచిన జీలకర్ర 8, ఆవపొడి 6. బ్రౌన్ షుగర్ చెమ్మకు ఉండ కడుతుంది. అందుకే దాన్ని పళ్లెంలో పలచగా పరిచి ఆరబెట్టి, చేత్తో నలిపి, జల్లించి కలుపుతాను. డబ్బాల్లో ఉండ కట్టకుండా సిలికాన్ డయాక్సైడ్ లాంటిది వేస్తారు, అందులో నాకు పేచీ లేదు. మన సీసాను ఒకసారి కుదిపితే సరిపోతుంది.

ఉప్పు ముందు రోజు రాత్రే మాంసానికి రాస్తాను, ఎముక తీసేసిన బరువుకు కిలోకు 12 గ్రాములు. మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఉప్పు ముందు నీరు లాగుతుంది, ఆ నీటిలో కరిగి మళ్లీ లోపలికి పోతుంది. తెల్లారేసరికి పైభాగం ఆరి ఉంటుంది, కాల్చినప్పుడు పైపొర బాగా కడుతుంది. పొడి మాత్రం నిప్పు రాజేసేటప్పుడు పట్టిస్తాను. ఇలా చేశాక ఆ 3 కిలోల భుజం ముక్కలో ఏ పీచు తీసి నోట్లో వేసుకున్నా ఉప్పు సమంగా తగిలింది.

చెంచాతో కొలవకండి. గళ్లుప్పు చెంచాడు, మెత్తటి ఉప్పు చెంచాడు ఒకే బరువు తూగవు. బయటి వంటకాల్లో "చెంచాడు ఉప్పు" అన్నచోట ఏ ఉప్పో తెలియకపోతే వంట పాడవుతుంది. ఇలాంటిదే ఇంకో ప్రమాదం ఉంది. అమెరికా వంటకాల్లో "చిలీ పౌడర్" అంటే మన కారం కాదు. మిరపతో పాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపిన పొడి. నేను మొదటిసారి దాని బదులు అన్ని చెంచాల కారమే వేసి ఒక వంటంతా పోగొట్టాను. మీకు ఆ నష్టం వద్దు.

చక్కెర సంగతి చెప్పాలి. 160 డిగ్రీలు దాటిన సెగకు చక్కెర పాకమై, ఇంకా పెరిగితే మాడి చేదెక్కుతుంది. నిదానపు సెగలో అదే పైపొరకు నిగనిగలాడే ముదురు రంగు ఇస్తుంది. కోడి కాళ్లను నేరుగా నిప్పుల మీద పెట్టినప్పుడు మొదటి డబ్బా పొడి పట్టించినవి లోపల ఉడకకముందే నల్లబడ్డాయి. నా పొడిలో చక్కెర మానేసి కలుపుకున్నాను, ఆ ఇబ్బంది రాలేదు. డబ్బాలోంచి చక్కెర ఏరలేం కదా.

అన్నీ ఇంట్లోనే చేస్తానని కాదు. స్మోక్డ్ పాప్రికా కొనాల్సిందే. స్పెయిన్‌లోని లా వెరా ప్రాంతంలో మిరపకాయలను ఓక్ కట్టెల పొగ మీద రోజుల తరబడి ఆరబెట్టి చేసే పొడి అది, ఇంటి గ్రిల్‌తో సాధ్యం కాదు. వెల్లుల్లి, ఉల్లి పొడులూ కొన్నవే. పాప్రికా గాజు సీసాలో ఎండ తగిలే అలమారలో ఉంటే తీసుకోకండి, వెలుతురుకు రంగు, వాసన రెండూ పోతాయి.

ఏడాదికి రెండు మూడుసార్లే గ్రిల్ తీసేవాళ్లు మాత్రం చిన్న డబ్బా కొనుక్కోవడమే మంచిది. తొమ్మిది రకాల పొడులు ఇంట్లో పెట్టుకుంటే సగం వాసన పోయేదాకా అలాగే ఉంటాయి. సోడియం లెక్క కట్టి, పలచటి ముక్కలకు తక్కువగా చల్లండి, లావు ముక్కలకు ముందు రోజు కాస్త ఉప్పు విడిగా రాయండి. ఇంకొకటి, ఏ పొడైనా ముందు గిన్నెలోకి వంపుకోండి. పచ్చి మాంసం పట్టుకున్న చేత్తో డబ్బా ముట్టకూడదు, గిన్నెలో మిగిలింది పారేయాలి.

మూడో డబ్బా సగం మిగిలింది. మొన్న కరిగించిన వెన్నలో కొంచెం కలిపి ఉడికించిన మొక్కజొన్న పొత్తులకు రాశాను. అసలు పొగే తగలని చోట ఆ పొగ రుచి ఎంతో బాగుంది. మా మరిది ఆ డబ్బా తను తీసుకెళ్లి, నా దగ్గర చక్కెర లేని పొడి ఒక సీసాడు పట్టుకెళ్లాడు. కలిపిన తేదీ రాసి ఇచ్చాను.