కాలువ దాటి బస చేయండి: తుఫాను రోజుల్లో నెల్లూరు, ప్రకాశం తీరం

అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల మైపాడుకో కొత్తపట్నానికో రావాలనుకునేవాళ్ళు గది ఫోటోల కంటే ముందు మ్యాపులో బకింగ్‌హాం కాలువ ఎక్కడుందో చూసుకోవాలి. పెదగంజాం నుంచి దక్షిణానికి తీరం వెంబడే సాగే ఈ కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నటి నేల. మామూలు రోజుల్లో అక్కడ పట్టపుపాలేలు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు కనిపిస్తాయి. తుఫాను రోజున అది దీవి అయిపోతుంది. తూర్పున అలలు, పడమట పొంగిన కాలువ, బయటపడడానికి ఒకటో రెండో వంతెనలు. వంతెనకేమీ కాకపోయినా దానికి అటూ ఇటూ ఉన్న పల్లపు దారి మునుగుతుంది. సరుగుడు చెట్లు, కరెంటు స్తంభాలు రోడ్డుకు అడ్డంగా పడతాయి. అవి తీసేదాకా అంబులెన్సు రావడం కూడా కుదరదు.

మైపాడు, తుమ్మలపెంట, రామాయపట్నం, కొత్తపట్నం ఒడ్డున బస మంచి రోజుల్లో ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున్నే వల లాగిన చేప మధ్యాహ్నానికి పులుసులో ఉంటుంది. కానీ వాతావరణ శాఖ బులెటిన్‌లో 'తీవ్ర వాయుగుండం' అన్న మాట వచ్చి, దాని దారి చెన్నైకీ మచిలీపట్నానికీ మధ్య ఎక్కడ చూపించినా ఆ గది ఖాళీ చేయాల్సిందే. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. పేరు పెట్టేది అప్పుడే. పేరు వచ్చాక చూద్దాంలే అని ఆగితే బస్సులు పలచబడతాయి, పట్నంలో గదులు నిండిపోతాయి. తుఫానుగా మారాక బులెటిన్లు మూడు గంటలకొకటి వస్తాయి. ఫార్వర్డ్ మెసేజీలు పక్కన పెట్టి వాటినే చూడండి.

కృష్ణపట్నం పోర్టులో ఎగరేసే తుఫాను హెచ్చరిక నంబరును చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఐదు కంటే ఆరు పెద్ద ప్రమాదం, ఆరు కంటే ఏడు ఇంకా పెద్దది అనుకుంటారు. నిజానికి ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి హెచ్చరికలు, తేడా తుఫాను దారిలో ఉంది. తుఫాను సాగిపోయే దిక్కుగా చూస్తే పోర్టు దాని దారికి ఎడమన పడితే ఐదు, కుడిన పడితే ఆరు, దాదాపు పోర్టు మీదుగానే వస్తుంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరసలో మహా ప్రమాద హెచ్చరికలు. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

బస ఎక్కడన్నది తేల్చేది ఈ కుడి ఎడమలే. మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతుంది. అది కావలికో బాపట్లకో వెళ్తే నెల్లూరులో గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, తర్వాత వాయవ్యానికి మళ్ళుతుంది. అంటే నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. వాన కుమ్మేస్తుంది గానీ ఉప్పెన భయం తగ్గుతుంది. అదే శ్రీహరికోట, చెన్నై వైపు దాటితే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. తుఫాను కేంద్రం దూరంగా ఉంది కదా అని ధీమాగా ఉండకూడనిది ఈ సందర్భంలోనే. 1989 నవంబర్‌లో పెనుతుఫాను కావలి దగ్గర దాటినప్పుడు దాని కుడిపక్కన పడింది ఉత్తరాన ఉన్న ప్రకాశం తీరం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తీరాన్ని ఒరుసుకుంటూ పైకి పాకి, 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. అలా తీరం వెంట నడిచే తుఫానుకు గాలి బలం కంటే వాన గంటలు ఎక్కువ. ఫోను పనిచేయనప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడండి, తుఫాను కేంద్రం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది.

ఇక పట్నాలు. నెల్లూరులో రైలు కట్ట ఊరిని రెండుగా చీలుస్తుంది. విజయమహల్ గేటు, ఆత్మకూరు బస్టాండు, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలు గట్టి వానకే నిండుతాయి. కాబట్టి కట్టకు ఏ పక్క నుంచి మీరు ప్రయాణం కొనసాగించాలో ఆ పక్కనే గది తీసుకోవాలి. పెన్నా ఒడ్డున వెంకటేశ్వరపురం, పొర్లుకట్ట వైపు వద్దు. ఒంగోలు సముద్రానికి ఎడంగానే ఉన్నా పోతురాజు కాలువ పక్క వీధులు మునుగుతాయి. అక్కడ మెరక వీధి చూసి దిగితే మంచి బస. కావలిలో హైవే దగ్గరగా ఉండడం లాభం, కానీ గదులు తక్కువ. సముద్రానికి దూరమని పెంచలకోన వెళ్ళేవాళ్ళుంటారు. కొండ వాగులు ఒక్కసారిగా దిగుతాయి, ఆ వానలో అది సరైన చోటు కాదు.

గదికి అద్దె మాట్లాడేముందు జెనరేటర్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. అది నీళ్ళ మోటారును కూడా నడుపుతుందా, డీజిల్ ఎన్ని గంటలకుంది, జెనరేటర్ సెల్లారులో ఉందా పైన ఉందా అని అడగాలి. చాలా లాడ్జీల్లో అది లైట్లకూ ఫ్యాన్లకే సరిపోతుంది. పైట్యాంకు ఖాళీ అయ్యాక గదిలో వెలుగుంటుంది, కుళాయిలో నీళ్ళుండవు. సెల్లారులో నీరు చేరితే మొదట పోయేది జెనరేటరే, దానితో పాటు అక్కడ పెట్టిన మీ కారు. మధ్య అంతస్తు, దక్షిణం లేదా నైరుతి వైపు కిటికీలున్న గది అడగండి. మొదటి దెబ్బ ఈశాన్యం నుంచే వస్తుంది. పై అంతస్తులో రేకుల షెడ్డు, పక్క డాబా మీద హోర్డింగు ఉంటే ఆ గది వదిలేయండి.

అల్యూమినియం జరుగుడు కిటికీ కింది పట్టీని వేలితో తడిమి చూడండి. బయటివైపు నీళ్ళు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ము, పెయింటు పట్టి అవి పూడిపోతే వాన నీరు పట్టీలో నిండి, గాలి తోసినప్పుడల్లా గదిలోకి చిమ్ముతుంది. అగ్గిపుల్లతోనో పిన్నుతోనో రంధ్రాలు తీసి, పాత తువ్వాలు తాడులా మెలిపెట్టి లోపలి అంచున కూరితే చాలావరకు ఆగుతుంది. మంచం కిటికీకి దూరంగా లాగి, ప్లగ్ బోర్డు దగ్గర తడి లేకుండా చూసుకోండి. అద్దానికి టేపు అంటిస్తే పగలదనుకోవద్దు, పరదా దించి దూరంగా ఉండడమే పని.

మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజుల తాగునీరు కావాలి. ఇద్దరికి 20 లీటర్ల క్యాను ఒకటి, మరో నాలుగైదు సీసాలు. బాత్రూమ్ బకెట్లన్నీ ముందే నింపాలి. బొరుగులు, వేయించిన శనగపప్పు, అరటిపండ్లు, బ్రెడ్డు. టవర్లు పడిపోతే ఫోన్‌పేలు నడవవు కనుక వంద, యాభై నోట్లు తప్పనిసరి.

కేంద్రం నేరుగా మీదుగా వస్తే గాలి ఒక్కసారి ఆగి, ఆకాశం కొంచెం తెరుస్తుంది. చాలామంది అప్పుడే బయటికొచ్చి దెబ్బతింటారు. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఒకవైపు వంగి బలహీనపడిన చెట్లు, స్తంభాలు కూలేది ఆ రెండో దెబ్బకే.

ఒడ్డునే చిక్కుకుపోతే రిసార్టు గదిలో కూర్చోకుండా ఊరి తుఫాను షెల్టరుకు వెళ్ళండి. ఎత్తైన స్తంభాల మీద కట్టిన భవనం అది. మొదటి చోటు ఊరివాళ్ళది. మీ దుప్పటి, టార్చి, మందులు మీరే తెచ్చుకోవాలి.

వాన తెరిపిచ్చాక ఇంకో ప్రమాదం ఉంది. పెన్నా వరద ఎగువ వానలతో, సోమశిల జలాశయం గేట్లు ఎత్తడంతో వస్తుంది, నెల్లూరులో ఎండ కాస్తున్నప్పుడు కూడా. 2021 నవంబర్‌లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే తెగింది. కాబట్టి బయల్దేరేముందు సోమశిల నుంచి ఎంత వదులుతున్నారో కనుక్కోండి. రైళ్ళకు 139, జిల్లా కంట్రోల్ రూముకు 1077. రైల్వేవాళ్ళే రైలు రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్టు డబ్బు తనంతట అదే పూర్తిగా వెనక్కి వస్తుంది. మీరు తొందరపడి క్యాన్సిల్ కొడితే కోత పడుతుంది. కారు ఇంజనులోకి నీరు వెళ్ళిందన్న అనుమానం ఉంటే ఒక్కసారి కూడా స్టార్ట్ చేయొద్దు, లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ తీగ తీసి, లాగించుకుని మెకానిక్ దగ్గరికి చేర్చండి.