పిల్లికి సగం బిళ్ళ: ఒడిశా బరంపురంలో ఒక పెట్ క్లినిక్, రెండు నక్షత్రాలు

ఒక్క నక్షత్రమే ఇద్దామనుకున్నాను. ఆ రాత్రి పదకొండు దాటాక డాక్టరుగారు స్కూటర్ మీద మా ఇంటికి వచ్చారు కాబట్టి రెండోది. క్లినిక్ పేరు మాత్రం రాయడం లేదు. మొహమాటం వల్ల కాదు, వాళ్ళు ఏం చేశారో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ నా దగ్గర లేదు, రేపు వాళ్ళు కాదంటే నేను చూపించేదేమీ లేదు. అసలు ఈ రివ్యూ అంతా ఆ కాగితం గురించే అనుకోండి.

మా జున్ను మూడేళ్ళ గండుపిల్లి. వీధిపిల్లితో కొట్లాడి తోక మొదట్లో పంటిగాటు తెచ్చుకుంది, మేం చూసేసరికి అది చీము పట్టింది, ఒళ్ళు కాలిపోతోంది. సాయంత్రం ఆరింటికి అత్తయ్యగారూ నేనూ బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి ఆటోలో తీసుకెళ్ళాం. క్లినిక్ చిన్నదే, జెరాక్స్ షాపు పక్కన ఒక షట్టరు, లోపల స్టీలు బల్ల, గోడకి కుక్కజాతుల క్యాలెండరు. శుభ్రంగానే ఉంటుంది, వాసన రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. డాక్టరుగారు లేరు, ఏదో ఊళ్ళో ఆవుకి ఈత కష్టమైందని వెళ్ళారట. కాంపౌండరే అన్నీ చేసేశాడు. జ్వరం చూశాడు, చీము పిండి కడిగాడు (ఆ పని మాత్రం బాగా చేశాడు, జున్ను ఒక్కసారి కూడా గీరలేదు), ఒక ఇంజెక్షన్ పొడిచాడు. అదేమిటని అడిగితే జ్వరానికి అన్నాడు. తర్వాత బిళ్ళల స్ట్రిప్పు తీసి కత్తెరతో రెండు బిళ్ళల మేరకి కత్తిరించి, చిన్న కాగితం పొట్లంలో వేసి, పైన ఒడియాలో ఏదో రాసి ఇచ్చాడు. సగం రాత్రికి, సగం పొద్దున. మూడు వందల యాభై రూపాయలు, క్యాష్, బిల్లు లేదు. అత్తయ్యగారు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే "కిఛి హెబ నాహి మాఉసి" అన్నాడు, ఏమీ కాదు పిన్నీ అని. ఆవిడ నమ్మేశారు, నేనూ నమ్మేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, బయటివాళ్ళకి ఇది అర్థం కాదు. మా అత్తయ్యగారు పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. బజారులో ఒడియాలో బేరమాడితే ఎదుటివాడు తెలుగావిడ అని కనిపెట్టలేడు. కానీ ఒడియా చదవడం రాదు, ఆవిడ చదివింది తెలుగు బళ్ళో. ఇంట్లో నాకూ అంతంతమాత్రమే. ఆ పొట్లం మీద ఏముందో మా ఇద్దరికీ తెలియదు. ఇలాంటి ఇళ్ళు గంజాం నుంచి రాయగడ దాకా ఎన్నో ఉన్నాయి. మందు ఎలా వాడాలో వాళ్ళకి రాని లిపిలో రాసిస్తే అది రాసినట్టా?

ఏడింటికి పెరుగన్నంలో కలిపి సగం బిళ్ళ వేశాం. పదిన్నరకి జున్ను మంచం కింద నుంచి బయటికి రాలేదు. టార్చి వేసి చూస్తే మొహం వాచి బూరెలా గుండ్రంగా అయింది, కళ్ళు గీతల్లా ఉన్నాయి, ముందు కాళ్ళు రెండూ పొంగాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, పిల్లి నోరు తెరిచి ఊపిరి తీయడం నేనెప్పుడూ చూడలేదు. పెదవి ఎత్తి చూశాను. రోజూ లేత గులాబీ రంగులో ఉండే చిగుళ్ళు కాఫీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఆ రంగు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

క్లినిక్ నంబరుకి ఫోన్ చేస్తే డాక్టరుగారే ఎత్తారు. చిగుళ్ళ ఫోటో పంపమన్నారు, పంపిన రెండు నిమిషాల్లో "ఏం మందు వేశారమ్మా?" అన్నారు. మీవాళ్ళు ఇచ్చిందే అన్నాను. పేరు చదవమన్నారు. స్ట్రిప్పు కత్తిరించిన చోట పేరు తెగిపోయింది, వెండిరేకు మీద "టమాల్ 500" అన్నంతవరకే మిగిలింది. చదివాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "వస్తున్నాను" అని పెట్టేశారు.

పారాసిటమాల్. మనం తలనొప్పికి వేసుకునేది, పసిపిల్లలకి సిరప్‌లో పోసేది. మన కాలేయం ఆ మందుకి ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి ఒంట్లోంచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని దాదాపు చేతకాదు, అందుకని మందు ఒంట్లోనే విషంగా మారి రక్తంలో హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తుంది, రక్తం గోధుమరంగుకి తిరిగి ఆక్సిజన్ మొయ్యలేకపోతుంది. ఐదు వందల మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. మేం వేసింది సగం. జున్ను బరువు నాలుగు కిలోలు. పశువైద్యంలో ఇదేమీ పెద్ద రహస్యం కాదు, పాఠంలోనే ఉంటుందట. అందుకే డాక్టరు తెలిసి ఈ బిళ్ళ ఇవ్వడు, బల్ల దగ్గర నిలబడి ఇచ్చింది డాక్టరు కాదు.

విరుగుడు మాత్రం మనుషులకీ పిల్లులకీ ఒకటే, ఎసిటైల్‌సిస్టీన్. మనుషులు పారాసిటమాల్ ఎక్కువ మింగినా అదే ఇస్తారు. డాక్టరుగారి దగ్గర లేదు, మా మరిది బండి మీద మెడికల్ కాలేజీ వైపు వెళ్ళి మనుషుల మందుల షాపులో కొనుక్కొచ్చాడు. రాత్రి రెండింటిదాకా మా వంటగది గట్టు మీదే సెలైన్, తాడుకి సీసా వేలాడదీసి. పొయ్యి పక్కన కూర్చుని ఆయన అన్న మాట "మా తప్పేనమ్మా". సాకు చెప్పలేదు, కాంపౌండరు మీదికి నెట్టలేదు. జున్ను ఐదు రోజులకి లేచి తిరిగింది. రెండో నక్షత్రం దానికే.

మరి మిగతా మూడు ఎందుకు లేవంటే, నాలుగో రోజు నేను క్లినిక్‌కి వెళ్ళి జరిగింది రాసిమ్మన్నాను. ఏ ఇంజెక్షన్, ఏ బిళ్ళ, ఎంత, ఎవరిచ్చారు, ఇంతే. ఆయన చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని "రాస్తే నా మెడకే చుట్టుకుంటుంది కదమ్మా" అన్నారు. వంటగదిలో ఒప్పుకున్న మనిషే కౌంటర్ వెనక కూర్చుంటే ఒప్పుకోలేకపోయారు. పైగా బిల్లు 2,800 అన్నారు, వాళ్ళ తప్పుని వాళ్ళు దిద్దుకున్నందుకు! కాస్త గట్టిగా మాట్లాడితే మందుల ఖర్చు 1,200 చాలన్నారు. ఇచ్చేసి వచ్చాను. ఆ 1,200కి కూడా రసీదు లేదు.

కేసు వెయ్యమని చాలామంది సలహా. వెయ్యొచ్చు కూడా. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, వి.పి. శాంతా కేసులో. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే చోట అది వర్తించదు, నామమాత్రంగా చీటీకి రెండు రూపాయలు తీసుకున్నా అంతే. కాబట్టి సర్కారు ఆసుపత్రి వేరు. డబ్బు పుచ్చుకునే ప్రైవేటు పశువుల క్లినిక్ మాత్రం మనుషుల నర్సింగ్ హోమ్‌లాగే సేవ అమ్ముతోంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, వైద్యానికి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. 2019 వినియోగదారుల చట్టంలో మాలాంటి సరిహద్దువాళ్ళకి పనికొచ్చేది ఇంకొకటుంది: మనం ఎక్కడ కాపురం ఉంటే అక్కడే వెయ్యొచ్చు. అంటే విశాఖ వెళ్ళి వైద్యం చేయించుకుని దెబ్బతిన్నా, కేసు ఇక్కడి జిల్లాలోనే. మా వైపు సగం మంది రైలెక్కేది విశాఖకే కదా, ఈ సంగతి ఎంతమందికి తెలుసో.

కానీ జున్ను విషయంలో ఏం చూపించను? సగం అక్షరాలున్న వెండిరేకు, నాకు చదవడం రాని పొట్లం. ఇక నష్టం ఎంతని రాయను? చట్టం దృష్టిలో పిల్లి నా ఆస్తి, కుర్చీలాంటిది. దాన్ని వీధిలో తెచ్చుకున్నాం, కొన్న ధర సున్నా. అత్తయ్యగారు నాలుగు రాత్రులు నిద్రపోకపోవడానికి ఏ పట్టికలో ధర ఉంది?

మనుషుల విషయంలో లెక్క వేరు, అయినా దారి తేలికేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డకి ఆపరేషన్ చేశారు. పరీక్షకి ఒప్పుకుంటే గడ్డే తీసేశారు, నరాల సర్జన్ పక్కన లేడు, కుర్రాడికి నడుం కింద చచ్చుబడిపోయింది. సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మని తీర్పు చెప్పింది 2009లో. పంతొమ్మిదేళ్ళు! చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నాడు. ఇంకొక కేసులో మలేరియా శాఖలోనే పనిచేసిన ఆయన భార్యకి మలేరియా వస్తే ఆసుపత్రి టైఫాయిడ్ అని వైద్యం చేసింది, ఆవిడ పోయారు. తప్పు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంటే ప్రతిసారీ మరో డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు ఆ కేసులోనే అంది. ఈ రెండూ గెలిచాయంటే ఆసుపత్రి రికార్డు అంటూ ఒకటి ఉంది కాబట్టి. డాక్టర్లు ఏం చేశారో వాళ్ళ చేతిరాతలోనే ఉంది.

మా నాన్నగారి సంగతి రెండు మాటల్లో చెప్తాను. పిత్తాశయం ఆపరేషన్ విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, తర్వాత పైత్యరసం లీకై రెండోసారి కోశారు. అక్కడ ఎవరూ "మా తప్పే" అనలేదు, ఇప్పటికీ అనరు. సారీ అన్న మాట కూడా కేసవుతుందని భయం. కానీ ఫైలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నిబంధనల్లో 2002 నుంచే ఉంది, మేం అర్జీ రాసి తేదీ వేయించుకుని అడిగాం, తొమ్మిదో రోజుకి ఇచ్చారు. నలభై పేజీలు. ఒక్క మంచి మాట లేదు, కాగితాలు మాత్రం దండిగా. పిల్లి డాక్టరు మాత్రం మంచి మాట అన్నాడు, కాగితం ఇవ్వలేదు. రెండిట్లో ఏది నయమో నాకు తేలలేదు.

పశువైద్యంలో ఇంకో చిక్కు. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరులో పేరున్న డాక్టరే వైద్యం చేయాలి. చిన్నచిన్న పనులు డిప్లొమా ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో చేసే వీలు ప్రభుత్వం ఇవ్వొచ్చు. పర్యవేక్షణ అంటే డాక్టరు ఆవు దగ్గర, కాంపౌండరు పిల్లి దగ్గర అని కాదు కదా. రాష్ట్ర పశువైద్య మండలికి ఫిర్యాదు చేయొచ్చు, వాళ్ళు డాక్టరు పేరు రిజిస్టరులోంచి తీసేయగలరు. కాంపౌండరు పేరు ఏ రిజిస్టరులోనూ లేదు, తీసేయడానికి ఏముంది? పనివాడు చేసిన తప్పుకి యజమానే జవాబుదారీ, అది డాక్టరుగారికీ తెలుసు, అందుకే పెన్ను తిప్పారు.

ఫిర్యాదు రాశాను, ఇంకా పంపలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి రెండింటిదాకా కూర్చున్న మనిషి మీద పంపడానికి చెయ్యి రావడం లేదు. అత్తయ్యగారైతే "పంపవే, రేపు ఇంకొకరి పిల్లి పోతుంది" అంటున్నారు. ఆవిడ మాటే రైటేమో.

మీరు వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, డాక్టరుగారు చెయ్యి తిరిగిన మనిషే. ముందు ఫోన్ చేసి ఆయనే ఉన్నారా అని కనుక్కోండి, పొద్దున పూట ఎక్కువగా ఉంటారు, ఆదివారం మూసేస్తారు. లేకపోతే ఇంటికి వచ్చేయండి. ఏ బిళ్ళ ఇచ్చినా స్ట్రిప్పు కత్తిరించకుండా ఇమ్మనండి, వద్దంటే పూర్తి స్ట్రిప్పు డబ్బులిస్తాననండి. చీటీ మీద మందు పేరు, తేదీ, సంతకం అడగండి, ఒడియా రాకపోతే తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయమనండి, వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

పోయిన వారం జున్నుకి రేబిస్ టీకా వేయించడానికి మళ్ళీ అక్కడికే వెళ్ళాం, దగ్గరలో వేరే దిక్కు లేదు మరి. ఈసారి డాక్టరుగారే వేశారు, అడక్కముందే పుస్తకంలో స్టిక్కరు అంటించి సంతకం పెట్టారు. కాంపౌండరు జున్నుని పట్టుకుని నిలబడ్డాడు, నా మొహం చూడలేదు. జున్ను ఈసారి వాడి మణికట్టు మీద గట్టిగానే గీరింది. ఆ వెండిరేకు ముక్క అదే పుస్తకంలో, స్టిక్కరు ఉన్న పేజీలోనే పెట్టాను.